‘యాద్ హై’ – గడచిన కాలాన్ని గూర్చిన ఒక గజల్

తెలంగాణ పల్లెల్లో జ్ఞాపకానికి ‘యాది’ అనే మాట ఉన్నది. ‘యాదికి వచ్చింది’, ‘యాది మరిచిన’ అని నిత్యం పలికేవారిలో పెక్కుమందికి అది పారశీకంలో పుట్టి, ఉర్దూ చేయి పట్టుకొని తమ ఇంటికి వచ్చిన మాట అని తెలియదు. తెలియకపోయినా లోటు లేదు. వచ్చిన చుట్టం ఇంటి మనిషి అయిపోయిన తరువాత ఊరూ పేరూ ఎవరు అడుగుతారు? ఆదిలాబాదు ప్రాంతపు విద్వాంసులు సామల సదాశివ గారు తమ జ్ఞాపకాల గ్రంథానికి ‘యాది’ అనే పేరే పెట్టుకొన్నారు. ఉర్దూ సాహిత్యాన్నీ హిందూస్తానీ సంగీతాన్నీ తెలుగు పాఠకులకు చేరువ చేసి, ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్న ఆ పెద్దమనిషికి అంతకన్న తగిన పేరు దొరకదు.

ఉర్దూ, తెలుగు పక్కపక్క గదుల్లో బోధించే కళాశాల మాది. అందుచేత ఈ వార్షిక సంచికలో ఒక ఉర్దూ గజల్‌ను గూర్చి తెలుగులో వివరించాలని సంకల్పించాము. ‘చుప్కే చుప్కే’ అనే తొలి మాటలతో లోకమంతటా ప్రసిద్ధమైన గజల్ అది. మా వార్షికోత్సవాల్లో దానిని ఎవరో ఒకరు పాడని సంవత్సరం అరుదు. పాడిన విద్యార్థిని “ఇది వ్రాసినది ఎవరు నాయనా?” అని అడిగితే, “గులాం అలీ గారండీ” అని చెప్పడం మేము ఒకటి రెండు సార్లు కాదు, పలుమార్లు విన్నాము. గడచిన కాలాన్ని మరువలేదని పదే పదే చెప్పే గజల్ లోకానికి గుర్తున్నది. దానిని వ్రాసినవారు మాత్రం మరుపున పడినారు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ వింతయే.

మరొక ప్రశ్న కూడ మమ్ములను వెంటాడుతున్నది. మన పెద్దలు కూర్చున్న చోటనెల్లా గడచిన వైభవాల ముచ్చట నడుస్తుంది. యువకులేమో “గతంతో మాకేమి పని?” అని లేచిపోతారు. గతాన్ని తలచుకోవడం మనిషికి బలమా, బలహీనతా? ఈ గజల్‌నూ, దానిని వ్రాసిన మహనీయుని జీవితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుందని మా నమ్మకం.

వ్రాసినవారు

ఈ గజల్ కర్త మౌలానా హస్రత్ మోహానీ. అసలు పేరు సయ్యద్ ఫజలుల్ హసన్. ఉత్తర ప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో మోహాన్ అనే చిన్న పట్టణం వారి జన్మస్థలం. ‘మోహానీ’ అనే ఇంటి గుర్తు అందువల్ల వచ్చినది. ‘హస్రత్’ అనేది కవిగా పెట్టుకొన్న పేరు. ఆ మాటకు తీరని కోరిక అని అర్థం.

అలీగఢ్‌లోని మొహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చదివి, 1903లో పట్టభద్రులై, ఆ సంవత్సరమే ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ అనే మాసపత్రికను స్థాపించినారు. చదువుకొన్న యువకులు సర్కారు కొలువులకై ఎదురుచూచే రోజుల్లో ఆయన పత్రికను ఎన్నుకొన్నారు. 1908లో ఈజిప్టులో బ్రిటిషువారి విధానాన్ని విమర్శించే వ్యాసం ఒకటి రచయిత పేరు లేకుండా ఆ పత్రికలో వెలువడినది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపినది. వ్రాసినది ఎవరో చెప్పమన్నారు. హస్రత్ చెప్పలేదు, బాధ్యత అంతా తమదేనని తలకెత్తుకొని చెరసాలకు వెళ్లినారు. అక్కడ ఆయన చేత తిరగలి త్రిప్పించి ధాన్యం విసిరించినారు. తిరగలి త్రిప్పుతూనే కవిత్వం చెప్పుకొన్నట్లు ఆయనే ఒక షేర్‌లో పేర్కొన్నారు.

1921లో అహమ్మదాబాదు కాంగ్రెసు మహాసభలో సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమని ప్రకటించాలని తీర్మానం ప్రవేశపెట్టినవారు ఆయనే. గాంధీజీ అప్పట్లో దానిని సమ్మతించలేదు, తీర్మానం వీగిపోయినది. అదే కాంగ్రెసు 1929 డిసెంబరులో లాహోరులో పూర్ణ స్వరాజ్య తీర్మానం చేసినది. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అనే నినాదాన్ని రూపొందించినది కూడ హస్రత్ మోహానీయే. భగత్‌సింగ్, ఆయన సహచరులు దానిని దేశమంతటా మారుమ్రోగించినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. 1951 మే 13వ తేదీన లక్నోలో కన్నుమూసినారు. హజ్ యాత్రలు పలుమార్లు చేసిన ఆ భక్తులే మథురకు వెళ్లి శ్రీకృష్ణుని గూర్చి పద్యాలు చెప్పినారంటే వారి హృదయ వైశాల్యం తెలుస్తుంది.

ఇంత కటువైన జీవితం గడపినవారు యౌవనంలోని రహస్య ప్రేమను తలచుకొంటూ అంత మృదువైన గజల్ ఎట్లు వ్రాయగలిగినారు? ఈ రెండింటికీ విరోధం ఉన్నదా? ఈ ప్రశ్నకు మళ్లీ వస్తాము. ముందు గజల్ కట్టడం చూతము.

కట్టడంలోని రహస్యం

గజల్ రెండేసి పాదాల షేర్ల సముదాయం. ప్రతి షేర్ తనంతట తాను పూర్తి అర్థం ఇవ్వగలదు. మొదటి షేర్‌ను మత్లా అంటారు. అందులో రెండు పాదాలూ ఒకే విధంగా ముగుస్తాయి. తక్కిన షేర్లలో రెండవ పాదం మాత్రమే ఆ విధంగా ముగుస్తుంది. మార్పు లేకుండా చివర తిరిగి తిరిగి వచ్చే మాట రదీఫ్. దానికి ముందు వచ్చే ప్రాస మాట కాఫియా. కవి పేరు వచ్చే చివరి షేర్ మక్తా.

ఈ గజల్‌లో రదీఫ్ ‘యాద్ హై’, అనగా ‘గుర్తున్నది’. కాఫియా స్థానంలో ‘ఆనా’ (రావడం), ‘ఛుపానా’ (దాచుకోవడం) వంటి మాటలు ఎక్కువగా వస్తాయి. ఇవి చాలవరకు క్రియ నుండి పుట్టిన నామపదాలు. విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. ‘రావడం’ అన్నప్పుడు ఆ మాటలో కాలం లేదు. నిన్న రావడమూ రావడమే, రేపు రావడమూ రావడమే. దాని వెంటనే వచ్చే ‘హై’ అనే క్రియ మాత్రం వర్తమాన కాలానిది. అంటే ప్రతి షేర్ చివర కాలం లేని ఒక చర్య, వర్తమానంలో ఉన్న ఒక జ్ఞాపకం ఒకదానిని ఒకటి తాకుతున్నవి. ‘వచ్చింది’ అని భూతకాలంలో చెప్పి ఉంటే విషయం ముగిసిపోయేది. ‘రావడం గుర్తున్నది’ అన్నందువల్ల ఆ రాక ముగియలేదు. తలచుకొన్నప్పుడల్లా మళ్లీ జరుగుతున్నది. గడచిన కాలాన్ని గూర్చిన పాటల్లో ఈ గజల్‌కు ఇంత బలం రావడానికి ఈ చిన్న వ్యాకరణ విశేషమే మూలమని మా అభిప్రాయం. తెలుగులో కూడ ‘రావడం గుర్తున్నది’ అనే వాక్యం అదే క్రమంలో, అదే బరువుతో నిలబడుతుంది. ఈ విషయంలో రెండు భాషల నడక ఒకటే.

నడక అన్నాము కాబట్టి ఛందస్సును గూర్చి కూడ ఒక మాట. ఈ గజల్ రమల్ అనే బహర్‌లో ఉన్నది. దాని కొలత ‘ఫాఇలాతున్ ఫాఇలాతున్ ఫాఇలాతున్ ఫాఇలున్’. తెలుగు విద్యార్థుల లెక్కలో చెప్పవలెనంటే ‘ఫాఇలాతున్’ అనగా ఒక రగణం మీద మరొక గురువు. మొత్తం ఏడు మాత్రలు. చివరిదైన ‘ఫాఇలున్’ ఒట్టి రగణం, ఐదు మాత్రలు. కాబట్టి పాదానికి 7, 7, 7, 5 చొప్పున 26 మాత్రలు.

ఇప్పుడు మన మత్తకోకిలను తలచుకొనండి. ర, స, జ, జ, భ, ర గణాలతో 18 అక్షరాల పాదం. 11వ అక్షరం యతిస్థానం. గణాల పేర్లు పక్కన పెట్టి నడకను బట్టి విడదీస్తే గురువు, లఘువు, గురువు, లఘువు, లఘువు అనే అయిదక్షరాల తునక మూడు మార్లు వచ్చి, చివర ఒక రగణం మిగులుతుంది. మాత్రలు లెక్కించండి: 7, 7, 7, 5. మొత్తం 26. ఫాఇలాతున్‌లోని చివరి గురువును రెండు లఘువులుగా విరిస్తే మత్తకోకిల తునక అవుతుంది. యతి కూడ సరిగా మూడవ తునక మొదటి అక్షరం మీదనే పడుతుంది. గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ వ్రాసినప్పుడు ఎన్నుకొన్న మూడు, నాలుగు మాత్రల నడక కూడ ఇదే కుటుంబానిది. దారులు వేరైనా అడుగులు కలిసినవి. మా ఉర్దూ విభాగపు విద్యార్థి ఈ గజల్‌ను కూనిరాగం తీస్తూ ఉంటే, తెలుగు విభాగపు విద్యార్థి ఒక మత్తకోకిల పద్యాన్ని అదే వరుసలో చదువుకోవచ్చును. నమ్మనివారు చేసి చూడవచ్చును.

జ్ఞాపకం ఏమి ఏరుకొన్నది?

గజల్ అనగానే దీపం, శలభం, గులాబి, బుల్బుల్, మధుపాత్ర మన కంటి ముందు మెదలుతాయి. ఇవన్నీ వందల ఏండ్ల సంప్రదాయం ఇచ్చిన ప్రతీకలు. హస్రత్ ఈ గజల్‌లో వాటి జోలికి పోలేదనే చెప్పవచ్చును. ఆయన జ్ఞాపకం ఏరుకొన్నవి ఇంట్లోని వస్తువులు, ఇంట్లోని చేష్టలు. తెర అంచు పట్టుకొని హఠాత్తుగా లాగడం. అవతల మనిషి దుపట్టాలో ముఖం దాచుకోవడం. ఎవరి కంటా పడకుండా రాత్రివేళ దొంగచాటుగా రావడం. అన్నింటికన్న మరువరానిది మిట్టమధ్యాహ్నపు చిత్రం. ప్రియుని పిలవడానికి ఆ అమ్మాయి ఎండలో చెప్పులు లేని కాళ్లతో మిద్దె ఎక్కడం.

ఆ చిత్రంలో ఆమె కన్నులు ఎట్లున్నవో, కురులు ఎంత పొడవో చెప్పలేదు. కాని వేసవి మధ్యాహ్నం మిద్దె మీద ఉత్త కాళ్లతో నిలిచిన అనుభవం ఉన్నవారికి ఇక చెప్పవలసినది ఏమీ లేదు. ఆ కాళ్లు కాలే ఉంటవి. కాలుతున్నవని ఆమెకు తోచి ఉండదు. చెప్పులు తొడుగుకొనే వ్యవధి లేదో, చప్పుడు అవుతుందనే భయమో మనమే ఊహించుకోవలెను. ప్రేమ ఎంత గాఢమో చెప్పడానికి కవి ఒక్క విశేషణమూ వాడలేదు. ఆ కాళ్లను చూపినారు, అంతే. ఉర్దూ గజల్‌ను దర్బారు నుండి, పానశాల నుండి మధ్యతరగతి ఇంటి వసారాలోకి తీసుకొని వచ్చినవారుగా విమర్శకులు హస్రత్‌ను కొనియాడడానికి కారణం ఇటువంటి చిత్రాలే.

సాధారణంగా గజల్‌లో ఒక షేర్‌కు మరొక షేర్‌తో సంబంధం ఉండనక్కరలేదు. ఇది మాత్రం ఆద్యంతం ఒకే అనుభవాన్ని అల్లుకొన్న గజల్. అటువంటి దానిని ముసల్సల్ గజల్ అంటారు. అయినా కథ చెప్పినట్లు మొదటిది మొదట, చివరిది చివర రాదు. మనసులోకి జ్ఞాపకాలు వచ్చే తీరు కూడ అంతే కదా. ఒక తెర అంచు, ఒక రాత్రి, ఒక ఎండ విడివిడిగా వచ్చి పోతాయి. వాటిని ఒక దారాన కూర్చేది ‘గుర్తున్నది’ అనే మాట ఒక్కటే. పాడేవారు ఈ పొడవైన గజల్ నుండి కొన్ని షేర్లనే ఏరుకొని పాడినా అతుకు కనిపించకపోవడానికి కారణం ఇదియే.

ఇక మక్తా. పాడేటప్పుడు తరచు విడిచిపెట్టే ఆ షేర్‌లో గజల్‌కు కీలకం ఉన్నదని మేము అనుకొంటాము. ధర్మనిష్ఠ కలవానినని చెప్పుకొనే తనకు ఆ కోరికల కాలపు కథ నేటికీ గుర్తున్నదని కవి అక్కడ ఒప్పుకొంటారు. పెద్దవాడైన తరువాత చిన్ననాటి తప్పొప్పులను చెరిపివేసుకొని, తాను పుట్టుకతోనే పెద్దమనిషినైనట్లు మాట్లాడడం లోకరీతి. మౌలానా అనిపించుకొన్న హస్రత్ ఆ పని చేయలేదు. అప్పటి తాను, ఇప్పటి తాను ఒకే మనిషినని సంతకం చేసినారు. ఈ నిజాయితీ లేకపోతే గతాన్ని గూర్చిన పాట ఉత్త తీపి మాట అయిపోతుంది.

పాట, జ్ఞాపకం, జబ్బు

గతాన్ని గూర్చిన తపనకు ఐరోపావారు ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టినారు. ఇది కవులు కల్పించిన మాట కాదు, వైద్యుడు కల్పించినది. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, గ్రీకు భాషలో ఇంటికి తిరిగి రావడమనే అర్థం గల మాటను, నొప్పి అనే అర్థం గల మాటను కలిపి దీనిని తయారు చేసినాడు. స్వదేశం విడిచిన స్విస్ యువకులకు వచ్చే వ్యాధిగా దానిని వర్ణించినాడు. తరువాత రూసో తన సంగీత నిఘంటువులో (1768) ఒక వింత విషయం వ్రాసినాడు. పశువులను పిలిచేటప్పుడు స్విస్ కొండల్లో ఊదే ఒక వరుసను పరదేశపు సైన్యాల్లో ఉన్న స్విస్ సైనికుల ముందు వాయించకూడదని కట్టడి చేసినారట. వింటే వారు కంటతడి పెట్టుకొని, కొలువు విడిచి పారిపోయేవారట. ఆ వరుసలో స్వతస్సిద్ధంగా అంత గొప్ప శక్తి ఏదీ లేదనీ, అది వారి పూర్వజీవితానికి గుర్తుగా పని చేయడం వల్లనే ఆ ప్రభావమనీ రూసో వివరించినాడు.

మన దేశంలో ఈ సంగతిని ఇంకను సూక్ష్మంగా చెప్పినవాడు కాళిదాసు. శాకుంతలం ఐదవ అంకంలో లోపల హంసపదిక పాడుతున్న పాట దుష్యంతుని చెవిని పడుతుంది. శాపవశాన శకుంతలను పూర్తిగా మరచిన రాజుకు ఏ లోటూ లేకుండానే మనసు ఎందుకో కలత చెందుతుంది. మనసు మరచినదానిని పాట తట్టి లేపబోయినది. జ్ఞాపకం రాలేదు, దాని నొప్పి మాత్రం ముందుగా వచ్చినది.

పాటకు ఈ శక్తి ఎక్కడిది? తాళం, ప్రాస, పునరుక్తి మాటలకు మేకుల వంటివి. ఒక మాట జారినా కొలత దానిని వెదకి తెస్తుంది. ముషాయిరాలో కవి రెండవ పాదం చివరికి రాగానే సభ అంతా రదీఫ్‌ను తనతో పాటు పలకడం మన విద్యార్థులు చూచే ఉంటారు. అక్కడ గుర్తుంచుకొన్నది కవి ఒక్కడే కాదు, సభ.

అయితే ఒక హెచ్చరిక. కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడైన బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథంలో, మనుషులు విన్న కథను మళ్లీ చెప్పిన ప్రతిసారీ తమకు అలవాటైన రీతిలోకి మార్చివేస్తారని ప్రయోగాలతో చూపినాడు. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్త్రం కాదు. తీసిన ప్రతిసారీ కొత్తగా కుట్టుకొనే వస్త్రం. ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూర్చే ముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవలెను. ఆ రోజుల్లోని ఆకలి, రోగం, అవమానం ఆ కొత్త కుట్టులో ఎక్కడికో జారిపోయి ఉంటవి.

రెండు విధాల గతం

1908లో హస్రత్ చెరసాలలో ఉన్న సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ పొంగినది. వేలమంది కొట్టుకొనిపోయినారు. రుబాయీల కవిగా కీర్తి గడించిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కుమార్తెనూ పోగొట్టుకొన్నారు. ఆయన కూడ ఆ జ్ఞాపకాన్ని కవిత్వంలో పెట్టినారు. ‘గుర్తున్నది’ అనే మాట మిద్దె మీది ఎండకూ వర్తిస్తుంది, మూసీ నీటికీ వర్తిస్తుంది. తీపిదానిని మాత్రమే ఏరుకొనేవాడు గతాన్ని సగమే ఎరిగినవాడు.

ఇప్పుడు ముందు విడిచిన ప్రశ్నకు వస్తాము. గజల్‌లో వెనుకకు చూచిన హస్రత్ రాజకీయాల్లో తన కాలం కన్న ముందుకు చూచినారు. వెనుకచూపు ఆయన కాళ్లకు సంకెల కాలేదు. ఎందుకు కాలేదు? ఆయన తలచుకొన్నది తాతల సింహాసనాలను కాదు, తాను బ్రతికిన బ్రతుకును. పోయిన దర్బారు తిరిగి రావాలని కోరేవానికి నేటి లోకం శత్రువవుతుంది. తన జీవితంలోని ఒక మధ్యాహ్నాన్ని ఉన్నది ఉన్నట్లు గుర్తుంచుకొన్నవానికి నేటి మనుషుల మధ్యాహ్నాలు కూడ విలువైనవిగా కనిపిస్తాయి. ఒకరి పాదాలు కాలిన సంగతి మరువని మనిషి, పరుల పాలనలో కాలుతున్న దేశాన్ని చూచి ఊరకుండలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి. హస్రత్ తమ జ్ఞాపకాలనే కాక ఇతరుల జ్ఞాపకాలను కూడ కాపాడినారు. ఎవరూ చదవక మరుగున పడిపోతున్న పూర్వ కవుల దీవానుల నుండి ఏర్చి కూర్చి ‘ఇంతిఖాబ్-ఎ-సుఖన్’ పేరిట సంపుటాలు ప్రకటించినారు. గాలిబ్ దీవానుకు వ్యాఖ్యానం వ్రాసినారు. గతాన్ని ప్రేమించడమంటే నిట్టూర్చడం కాదు, దాని కోసం పని చేయడం అని ఆయన చేసి చూపినారు. ఉర్దూ బాగుగా ఎరిగిన మన దాశరథి గాలిబ్‌ను ‘గాలిబ్ గీతాలు’గా తెలుగు చేసినప్పుడూ, ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి తెలుగులో గజళ్లు వ్రాసినప్పుడూ జరిగినది అటువంటి పనియే.

ఈ గజల్‌ను సామాన్య జనం నాలుకల మీదికి తెచ్చిన ఘనత గులాం అలీ గారిది. పటియాలా సంప్రదాయంలో శిక్షణ పొందిన ఆయన గానం 1982లో బి.ఆర్. చోప్రా నిర్మించిన ‘నికాహ్’ చలనచిత్రంలో చేరిన తరువాత ఉర్దూ లిపి ఎరుగనివారి ఇళ్లలో కూడ కేసెట్లు మ్రోగినవి. కేసెట్లు పోయినవి, నేడు చేతిలోని ఫోనులో అదే గొంతు వినిపిస్తున్నది. గాయకుని ఋణం పెద్దదే. కాని మా విద్యార్థులు కవి పేరు చెప్పలేకపోయినారంటే దోషం గాయకునిది కాదు, మాది.

మన తిరగలి పాటలు

చివరగా ఇంటి విషయం. దక్కను నేల మీద సూఫీల ప్రభావంతో దఖ్ఖనీ భాషలో ‘చక్కీనామా’, ‘చర్ఖానామా’ అనే పాటలు పుట్టినవి. బీజాపూరు ప్రాంతంలో పదిహేడు, పదునెనిమిది శతాబ్దాల్లో ఇవి విరివిగా వెలసినవి. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ స్త్రీలు వాటిని పాడుకొనేవారు. తిరగలి పిడిని దైవనామానికీ, తిరుగుడును ధ్యానానికీ పోల్చి చెప్పే ఆ పాటలు చదువురాని తల్లుల గ్రంథాలు. ఆ పక్కవాకిట్లో తెలుగు తల్లులు కూడ అదే తిరగలి ముందు తమ విసుర్రాతి పాటలు పాడుకొన్నారు. పిండిమర వచ్చినది, తిరగలి మూల చేరినది, చేతికి పని పోగానే నోటికి పాట పోయినది. తిరగలి త్రిప్పుతూ కవిత్వం చెప్పుకొన్న హస్రత్‌కు ఈ తల్లులు తెలియరు, ఈ తల్లులకు ఆయన తెలియరు. అయినా బరువు మోసే చేతికి పాట తోడని రెండు చోట్లా తెలుసు.

మా విద్యార్థుల ఇళ్లలో నానీలు, దాదీలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకను కొందరు ఉన్నారు. పెండ్లి పాటలు, జోల పాటలు, తిరగలి పాటలు ఉర్దూలోనూ తెలుగులోనూ వారికి కొన్ని వచ్చును. వారితోనే అవి వెళ్లిపోవడానికి ఎంతో కాలం పట్టదు. కాబట్టి విద్యార్థులకు మా విన్నపం ఇది. ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క పాటను విని, విన్నది విన్నట్లు వ్రాసుకొని రండి. ఏ ఊరు, ఏ సందర్భం, పాడేటప్పుడు చేయి ఏ పని చేసేది అనేది కూడ వ్రాయండి. ‘పూర్వం మంచి పాటలుండేవి’ అని వ్రాస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఏ ఎండ, ఏ మిద్దె అని చెప్పినప్పుడే గుర్తుంటుందని ఈ గజల్ మనకు నేర్పినది. కళాశాల కార్యవర్గానికి మా మనవి: అట్లు వచ్చిన పాటల కొరకు గ్రంథాలయంలో ఉర్దూకు ఒకటి, తెలుగుకు ఒకటి రెండు దళసరి పుస్తకాలు ఏర్పాటు చేయించవలెను. దీనికి పెద్ద వ్యయం కాదు.

వచ్చే వార్షికోత్సవంలో ఈ గజల్‌ను మళ్లీ ఎవరో ఒకరు పాడుతారు. పాడిన విద్యార్థిని మేము మళ్లీ అదే ప్రశ్న అడుగుతాము. “హస్రత్ మోహానీ గారండీ, మరి మా నాయనమ్మ పాట కూడ ఒకటి వ్రాసి తెచ్చినాను” అనే సమాధానం కొరకు ఎదురుచూస్తూ ఉంటాము.